అంచు దాటని బాతులు

సుభాషిణి తన బాతుల్ని మీరు అనే పిలుస్తుంది. "రండీ" అంటుంది, "ఆగండీ" అంటుంది, సాయంత్రం కాగానే "పదండీ ఇంటికి" అంటుంది. అద్దకం షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళకి అదొక కాలక్షేపం. కొత్తల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదే అని ఒకరంటే, రేపు మొగుణ్ణి ఏమని పిలుస్తుందో చూద్దాంలే అని ఇంకొకరు అందుకునేవాళ్ళు. ఆమె తల వంచుకుని నవ్వి తన పని తను చూసుకునేది. అసలు సంగతి చెబితే అంత సరదాగా ఉండదు. "ఆగు" అంటే ఆ మాట నోటి దగ్గరే తెగిపోతుంది, కాలవ దాకా చేరదు. చివర "డీ" అని సాగదీస్తే గట్టు కింద బురదలో ముక్కులు పెట్టి మేస్తున్నవి కూడా తలలెత్తుతాయి. ఎన్ని మాటలు మార్చి మార్చి చూశాక ఆ సంగతి తెలిసిందో ఆమెకే ఎరుక.

బాతులు ఐదు. వాటిలో ముందు నడిచేది ఆకుపచ్చ మెడ ఉన్న పెద్ద మగబాతు. పొట్ట ముందుకు తోసి, రెండడుగులకోసారి ఆగి, మెడ పక్కకి వాల్చి ప్రతిదాన్నీ ఒంటికన్నుతో పరీక్షగా చూస్తుంది. షెడ్డులో మేస్త్రి పాండురంగారావు బల్లల మధ్య తిరుగుతూ ఎవరి అచ్చు వంకరగా పడిందో చూసేది కూడా సరిగ్గా అలాగే. అందుకని సుభాషిణి దానికి చిన్నమేస్త్రి అని పేరు పెట్టుకుంది. ఆ పేరు ఆమెకీ, వాళ్ళమ్మ శేషమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు.

గోవర్ధనరావుగారి అద్దకం షెడ్డు పెడనలో కాలవ గట్టునే ఉంది. షెడ్డు వెనక ఒక గదిలో తల్లీకూతుళ్ళు ఉంటారు. శేషమ్మ బల్ల దగ్గర నిలబడి బట్ట మీద అచ్చులు వేస్తుంది. సుభాషిణి బట్ట తానుల్ని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో పరుస్తుంది. అద్దకం అయ్యాక వాటినే కాలవలో జాడిస్తుంది. గది చూరు కిందే బాతుల గూడు. గూటికీ కాలవకీ మధ్య తానులు ఎండబెట్టే స్థలం. ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క రంగు ఉడకబెట్టే పొయ్యిలు. పరిచిన తానుల మధ్య మనిషి పట్టేంత దారి వదులుతారు. బాతులు రోజూ ఆ దారినే వెళ్ళి ఆ దారినే వస్తాయి.

ఆ మంగళవారం మాత్రం అవి దారి తప్పాయి.

గూటి తలుపు తీసి సుభాషిణి పాలగిన్నె కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి బాతులు కొత్త తాను మీద నడుస్తున్నాయి. తొందరేమీ లేదు వాటికి. తడి ఆరని బట్ట మీద వాలిన ఈగల్ని ముక్కులతో టకటకా అందుకుంటూ ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్తున్నాయి. అవి నడిచినచోటల్లా, లేత పసుపురంగు బట్ట మీద, మూడు వేళ్ళూ వాటి మధ్య పలచటి చర్మం విప్పారిన పాదం గుర్తు నల్లగా పైకి తేలుతోంది. ముందు బూడిదరంగులో కనిపించి, చూస్తూ ఉండగానే కాటుకలా చిక్కబడుతోంది.

"ఆగండీ" అంది ఆమె. ఐదూ ఎక్కడివక్కడ ఆగాయి. కానీ అవి ఆగింది తాను నడిమధ్యలో.

గూటి పక్కనే నల్లరంగు పీపా ఉంది. ఇనుపముక్కలూ బెల్లం కలిపి వారాల తరబడి నానబెట్టే నీళ్ళు అవి. చూడడానికి టీనీళ్ళలా ఉంటాయి. కాలికి తగిలినా, నేల మీద పడ్డా రంగేమీ కనిపించదు. కరక్కాయ పట్టించిన బట్టకి తగిలితేనే నలుపు పుడుతుంది, పుట్టాక ఏ నీళ్ళకీ పోదు. కలంకారీలో గీతలన్నీ ఆ నలుపే. ఆ పీపాకి అడుగున ఉన్న కుళాయి చాలా రోజులుగా కారుతోంది. మేస్త్రి దానికి గుడ్డపీలిక చుట్టి, మార్పిద్దాంలే అంటూ వస్తున్నాడు. పీలిక నాని, చుక్కచుక్కగా జారి, గూటి ముందు నేలంతా చెమ్మగిల్లింది. బాతులు ఆ చెమ్మ తొక్కుకుంటూనే బయటికి వచ్చాయి.

గోవర్ధనరావు బందరు నుంచి వచ్చేసరికి తాను ఇంకా అక్కడే పరిచి ఉంది. ఎవరికీ తియ్యాలని తోచలేదు. ఆయన కారు దిగి, చెప్పులు విడిచి, తాను చుట్టూ ఒకసారి తిరిగాడు. అరిచే మనిషి కాడాయన. కోపం వచ్చినప్పుడు గొంతు ఇంకా తగ్గుతుంది.

"శనివారం హైదరాబాదు నుంచి బట్టలు కొనే ఆవిడ సరుకు చూడ్డానికి వస్తోంది, శేషమ్మా. ఈ కాళ్ళ గుర్తులు చూపించమంటావా?"

శేషమ్మ అచ్చు చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. మేస్త్రి ముందుకొచ్చి, మెడ పక్కకి వాల్చి తానుని చూసి, బాతులండీ అన్నాడు. కాలవలోంచి బురద తొక్కుకుంటూ వచ్చాయి అన్నాడు.

కాలవ బురదయితే కాలవలో జాడిస్తే పోతుందని ఆ షెడ్డులో అచ్చు పట్టిన ప్రతి మనిషికీ తెలుసు. బాతులు పొద్దున ఇంకా కాలవకే వెళ్ళలేదనీ తెలుసు. శేషమ్మ చేతిలో అచ్చు గాలిలోనే ఉంది. ఆమె కూతురి వైపు చూసి, మేస్త్రి వైపు చూసి, లోపలికి వెళ్ళి బల్ల మీద అచ్చు వేసింది. అరచేత్తో దాన్ని ఒక్క దెబ్బ కొట్టింది. మామూలుగా కొట్టేదానికన్నా గట్టిగా వినిపించింది ఆ దెబ్బ.

గోవర్ధనరావుగారి తీర్పు చిన్నదే. గుడివాడ నుంచి కోళ్ళు కొనే విల్సన్ శనివారం ఎలాగూ ఈ వైపు వస్తాడు. అతని గంపలో వీటినీ పంపించెయ్యండి అన్నాడు. కావాలంటే ఆ డబ్బుతో కోళ్ళు పెంచుకోమన్నాడు. కోళ్ళయితే గంప కింద పడి ఉంటాయి కదా అని దయగానే అన్నాడు.

సుభాషిణి పీపా వైపు చూసింది. చుక్క జారింది. మేస్త్రి కూడా అటే చూసి చూపు తిప్పుకున్నాడు. చెప్పాలంటే ఒక్క మాట. ఆ మాట చెబితే రేపట్నుంచి అమ్మ నిలబడాల్సింది ఈ మేస్త్రి బల్ల దగ్గరే. ఆమె ఇంకో మాట వెతుక్కుంది.

"శనివారం దాకా చూడండి బాబుగారూ. బట్ట మీద కాలు పెట్టకుండా నేర్పుతాను. ఒక్క అడుగు పడినా విల్సన్ గారికి నేనే పట్టి ఇస్తాను."

ఆయనకి నవ్వొచ్చింది. బాతులకి బడి పెడతావా అన్నాడు. పెట్టుకో, శనివారం నేనే పరీక్ష పెడతాను అని కారెక్కాడు.

*

బుధవారం పొద్దున్నే సుభాషిణి తల్లిని ఒక పాత తెల్లచీర అడిగి తీసుకుంది. దాన్ని దారికి అడ్డంగా పరిచి, చివర్ల మీద ఇటుకలు పెట్టింది. చేతిలో సన్నటి వెదురుకర్ర, దాని కొసకి గుడ్డముక్క. కొంగులో కాలవలో ఏరిన చిన్న నత్తలు.

బాతులకి కొడితే ఏమీ రాదు. బెదిరి చెల్లాచెదురవుతాయి, ఆ పూటంతా దగ్గరికి రావు. కర్ర ఉన్నది కొట్టడానికి కాదు. అది ఎటు వంగితే అటు నడవడం వాటికి చిన్నప్పుడే అలవాటు చేసింది. ఇప్పుడు చీర అంచున కర్రని నేలకి ఆనించి అడ్డంగా పట్టుకుంది. చిన్నమేస్త్రి వచ్చి, కర్రని చూసి, దాని మీదుగా కాలెత్తింది. కాలు గాలిలో ఉండగానే "ఆగండీ" అంది. కాలు ఆగింది. ఆ క్షణంలోనే మట్టి వైపు ఒక నత్త వేసింది. కాలు మట్టి మీదికే దిగింది.

కిటుకంతా ఆ క్షణంలో ఉంది. నత్త ముందు పడితే దేనికి పడిందో వాటికి తెలియదు. కాలు బట్ట మీద దిగాక పడితే, దిగినందుకే పెట్టిందనుకుంటాయి. కాలు లేచి దిగేలోపు ఉన్న ఆ కాస్త సందులో మాటా పడాలి, నత్తా పడాలి. సుభాషిణి గొంతుక్కూచుని ఆ నారింజరంగు కాళ్ళనే చూస్తూ ఉండిపోయింది. మధ్యాహ్నానికి ఐదూ చీర అంచున ఆగడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి కర్ర అవసరం లేకుండానే ఆగాయి.

ఆమెకి చెప్పలేనంత సంబరం కలిగింది. షెడ్డులో వాళ్ళని పిలిచి చూపించాలనిపించి, ఊరుకుంది. దాని బదులు కొత్తగా పాలలో ముంచి పరిచిన తానుకి చివర ఒక మూరెడు చెడిపోయిన ముక్క ఉంటే, దాన్ని తెచ్చి దారికి అడ్డంగా వేసింది. బాతులు వచ్చాయి. చిన్నమేస్త్రి ఆగలేదు, "ఆగండీ" అన్నా వినలేదు. నేరుగా ముక్క మీదికెక్కి ఈగల్ని అందుకోసాగింది. మిగతావి దాని వెనకే ఎక్కేశాయి.

సుభాషిణి కర్ర పక్కన పెట్టి కూలబడింది. తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలియలేదు. బాతుల్ని ఇంటికి తోలుకొచ్చి, అన్నం వండుతూ కూడా అదే ఆలోచన. శేషమ్మ ఆమె ముంజేతుల్ని చూసింది. రోజంతా పాలలో, కరక్కాయలో మునిగే చేతులు, పసుపుపచ్చగా, పాలవాసన కొడుతూ.

"నీకు తెలియట్లేదా ఆ కంపు? నాకూ తెలియదులే. బయటివాళ్ళొస్తే ముక్కు మూసుకుంటారు," అంది తల్లి.

అప్పుడు తెలిసింది. పాత చీరకి వాసన లేదు, ఈగలు లేవు. కరక్కాయ బట్ట బాతులకి బట్టే కాదు, మేత పరిచిన విస్తరి. రోజూ ఆ పాలలోనే చేతులు పెట్టి ఆమె ముక్కుకి ఆ వాసనే లేకుండా పోయింది. వాసన లేని బట్ట మీద నేర్పి, వాసన ఉన్న బట్ట దగ్గర ఆగమంది.

*

గురువారం ఆమె మేస్త్రి దగ్గరికి వెళ్ళి, మంగళవారం చెడిన తాను కావాలని అడిగింది. ఎలాగూ చుట్టచుట్టి మూలన పడేశారు. దేనికని అడుగుతాడేమో అని సమాధానం తయారుచేసుకుని వెళ్ళింది. పాండురంగారావు అడగలేదు. తనే వెళ్ళి తెచ్చి ఆమె చేతుల మీద పెట్టాడు. పెడుతూ, పాలు తాజాగా పట్టించు, ఎండిపోతే ఈగలు రావు అన్నాడు. అంటే బుధవారం సాయంత్రం జరిగింది ఆయన చూశాడన్నమాట.

ఆ తానుకి మళ్ళీ పాలు పట్టించి దారికి అడ్డంగా పరిచింది. గుర్తులు నిండిన కొస నుంచి మొదలుపెట్టింది. నేల మీద పీపా చెమ్మ అలాగే ఉంది, బాతుల కాళ్ళకి అది అంటుతూనే ఉంది. కడిగి తీసుకురావచ్చు. కడగలేదు. శనివారం వీటి కాళ్ళు ఎవరు కడుగుతారు?

మొదటి పూటంతా ఓటమే. ఆగండీ అన్న మాటకి తలలు తిరిగేవి, కాళ్ళు మాత్రం ఈగల వైపు వెళ్ళిపోయేవి. అడుగు పడిన ప్రతిసారీ బట్ట మీద ఒక నల్లపాదం లేచేది. సుభాషిణి కోప్పడలేదు. బట్ట మీద ఎక్కినదాన్ని రెండు చేతులా ఎత్తి, తెచ్చి మట్టి మీద దింపి, మళ్ళీ మొదటినుంచి నడిపించేది. నత్తలు చాలక వానపాములు తవ్వింది. ఈగకన్నా వానపాము రుచి అని ముందు ఒక పొట్టి ఆడబాతు కనిపెట్టింది. అంచు దగ్గర ఆగి, మెడ చాచి, ఆమె ముఖంలోకి చూసింది. వానపాము దక్కింది. దాన్ని చూసి ఇంకోటి ఆగింది. చిన్నమేస్త్రి మాత్రం అందరికన్నా ఆలస్యం. పెద్దరికం కదా అంది శేషమ్మ, అన్నం గిన్నె తెచ్చి పక్కన పెడుతూ.

ఒకచోట అడుగులు నిండిపోతే, తానుని జరిపి ఖాళీగా ఉన్న జాగా ముందుకి తెచ్చేది. అలా జరుపుకుంటూ పోయింది. ఎండ వాలేసరికి తాను మీద ఏదో వింత కనిపించింది. ఈ కొసన కిక్కిరిసిన పాదాలు, ఒకదాని మీద ఒకటి పడి నల్లటి ముద్దలా ఉన్నాయి. తరవాత విడివిడిగా ఉన్నాయి. ఆ తరవాత అంచుల్లోనే, సగం పాదం, ఒక్క వేలు. శుక్రవారం మధ్యాహ్నానికి జరిపిన భాగంలో ఒక్క గోరు గీత. ఆఖరి బారెడు మీద ఏమీ లేదు. పాలవాసనతో, ఈగలతో, లేత పసుపుగా, శుభ్రంగా ఉంది.

అప్పుడు ఆమె అసలు పాఠానికి వచ్చింది. మాట మానేసింది. పరీక్ష రోజు తనకి గొంతు పెగులుతుందో లేదో నమ్మకం లేదు. గూటి తలుపు తీసి, కర్ర కింద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. బాతులు వచ్చాయి. అంచు దగ్గర చిన్నమేస్త్రి కాలెత్తింది. ఆమె పెదవి కొరుక్కుంది. ఎత్తిన కాలు ముడుచుకుంది, పక్కకి వెళ్ళి మట్టి మీద దిగింది. అది మెడ వాల్చి ఒంటికన్నుతో ఆమెని పరీక్షగా చూసింది.

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. తిరిగి చూస్తే పాండురంగారావు. చేతిలో కొత్త ఇత్తడి కుళాయి, కాస్త జనుపనార. ఎప్పట్నుంచి నిలబడ్డాడో తెలియదు. ఆయన పీపా దగ్గర కూర్చుని, నీళ్ళు బిందెల్లోకి వంపి, పాత కుళాయి ఊడదీశాడు. కొత్తదానికి జనుపనార చుట్టి బిగించాడు. కింద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. చుక్క పడలేదు. తడిసిన నేల మీద పొడి ఇసుక చల్లి, చేతులు దులుపుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

సుభాషిణి పాఠాల తానుని గూటి వెనక తీగ మీద ఆరేసింది. బాతులకి ఆ పూట నూకలు రెండు గుప్పిళ్ళు ఎక్కువ పోసింది.

*

శనివారం విల్సనే ముందు వచ్చాడు. మోపెడ్ మీద రెండు వైపులా వెదురు గంపలు. బాతులేవీ అని అడిగితే, పరీక్ష అవ్వాలంట, కూర్చో అన్నారు షెడ్డులో ఆడవాళ్ళు. ఏ క్లాసు పరీక్షండీ అని అడిగి, ప్రహరీ నీడలో చతికిలబడ్డాడు.

గోవర్ధనరావుగారి కారులోంచి హైదరాబాదు ఆవిడ దిగింది. సంజన అట పేరు. బట్టల కొట్లు ఉన్నాయట. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. వస్తూనే పాలవాసనకి ముక్కు దగ్గర వేలు పెట్టి, తప్పనుకుని తీసేసింది. అది చూసి శేషమ్మ కూతురి వైపు కన్నెగరేసింది.

తానులు రెండు వైపులా పరిచి ఉన్నాయి. మధ్యలో దారి. గోవర్ధనరావు మాట మర్చిపోలేదు. ఏదమ్మా నీ బడి, తలుపు తియ్యి అన్నాడు.

సుభాషిణి తలుపు తీసి, చేతులు వెనక్కి కట్టుకుంది. బాతులు బయటికి వచ్చాయి. కొత్తమనుషుల్ని చూసి ఒకసారి గుంపుగా దగ్గరకి జరిగాయి. సంజన ఫోన్ పైకెత్తి, ఎంత బాగున్నాయో అంది. ఆ గొంతుకి చిన్నమేస్త్రి బెదిరి పక్కకి తప్పుకుంది. పక్కనే తాను, తాను మీద ఈగలు. దాని కాలు బట్ట మీద గాలిలో ఆగింది. షెడ్డు గుమ్మంలో అచ్చులు పట్టుకున్న చేతులన్నీ ఆగిపోయాయి. కాలు ముడుచుకుంది. వెనక్కి వచ్చింది. చిన్నమేస్త్రి పొట్ట ముందుకి తోసి దారి మధ్యలోకి నడిచింది, మిగతా నాలుగూ దాని వెనక వరసకట్టాయి. ఒక్క ఈక కూడా బట్టకి తగలకుండా గట్టు దిగి కాలవలో పడ్డాయి.

విల్సన్ చప్పట్లు కొట్టాడు. పాసయినట్టేనా బాబుగారూ, నా గంప ఖాళీయేనా అన్నాడు. గోవర్ధనరావు నవ్వేశాడు. మాటంటే మాటే, ఉండనీ అన్నాడు.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ సంజన గూటి వెనకాల తీగ మీద తానుని చూసింది.

దగ్గరికెళ్ళి రెండు చేతులా విప్పి పట్టుకుంది. కిక్కిరిసిన పాదాల దగ్గర మొదలుపెట్టి వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళింది. ఇది ఎవరు వేశారని అడిగింది. ఎవరూ వెయ్యలేదు, బాతులు పాడుచేసింది అన్నాడు గోవర్ధనరావు, కాస్త సిగ్గుపడుతూ. ఆమె మాత్రం దాన్ని వదల్లేదు. ఇలాంటివి తనకి కావాలంది. చీరలకీ, దుపట్టాలకీ, ఎన్ని తానులిచ్చినా తీసుకుంటానంది. చివర ఖాళీగా ఉన్న ఈ ముక్క ఒక్కటి కోసేస్తే చాలంది.

కోసేస్తే చాలన్న ముక్క వైపు సుభాషిణి చూసింది. తాను మొత్తంలో బాతులు నేర్చుకున్నదానికి గుర్తు అదొక్కటే.

గోవర్ధనరావు అప్పటికే చేతులు చరిచి పిలుస్తున్నాడు. పాలు పట్టించిన కొత్త తాను తెప్పించాడు. దారి మూసేసేలా, ఈ గోడ నుంచి ఆ పొయ్యిల దాకా అడ్డంగా పరిపించాడు. నల్లనీళ్ళు ఒక పళ్ళెంలో పోయించి గట్టున పెట్టించాడు. బాతుల్ని వెనక్కి పిలువమ్మా అన్నాడు.

"రండీ," అంది సుభాషిణి. కాలవలోంచి ఐదూ బయటికి వచ్చాయి. పళ్ళెంలోంచి నడిచి, తాను అంచుకి వచ్చి, ఆగాయి. దారి కోసం అటు చూశాయి, ఇటు చూశాయి. దారి లేదు. ఐదూ అంచు వెంబడే మట్టి మీద కూర్చున్నాయి.

గోవర్ధనరావు చిటికెలు వేశాడు, బా బా బా అన్నాడు. నూకలు తెప్పించి తాను నడిమధ్యలో చల్లాడు. బాతులు మెడలు చాచగలిగినంత చాచి, అందిన గింజలు అందుకుని, అందనివాటిని చూస్తూ కూర్చున్నాయి. ఆయన పంచె ఎగ్గట్టుకుని వాటి వెనక్కి వెళ్ళి అదిలించాడు. అవి లేచి ఆయన చుట్టూ తిరిగి మళ్ళీ అంచు దగ్గరే కూర్చున్నాయి. షెడ్డు గుమ్మంలో ఎవరో నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తారు.

"నువ్వు పిలిస్తే వస్తాయి. పిలువు," అన్నాడాయన.

అవును, వస్తాయి. అది ఆమెకి తెలుసు. తాను అవతలి అంచున తను నిలబడి, రండీ అని ఒక్కసారి అంటే, నేర్చుకున్నదంతా పక్కన పెట్టి ఐదూ లేచి వస్తాయి. ఆమె గొంతు మీద వాటికి అంత గురి. అందరూ ఆమెనే చూస్తున్నారు. శేషమ్మ కూడా.

"నేను పిలిస్తే వస్తాయండి," అంది సుభాషిణి. "అందుకే పిలవనండి. కాలు పెట్టకూడదని నేర్పాను. ఇప్పుడు నేనే పెట్టమంటే, రేపట్నుంచి నా మాట ఏది నమ్మాలండీ అవి?"

గోవర్ధనరావు గొంతు తగ్గింది. ఇంతకీ ఎవరి షెడ్డులో ఉన్నాయమ్మా అవి అన్నాడు.

కాలవ మీదనుంచి గాలి వచ్చి తాను అంచు ఒకసారి లేచి పడింది. బాతులు కదల్లేదు.

అప్పుడు పాండురంగారావు గుమ్మంలోంచి దిగి వచ్చాడు. మెడ పక్కకి వాల్చి, తాను చుట్టూ నడిచి, బాతుల్నీ చూశాడు. వంగి, తాను కొస పట్టుకుని చుట్టచుట్టసాగాడు.

"ఇది మరకండీ," అన్నాడు గోవర్ధనరావుతో. "మరకలు వేసి అమ్మడం మన ఇంటా వంటా లేదు. ఈవిడగారికి పాదం కావాలి, అంతేగా? అచ్చు చెక్కిస్తాను. శేషమ్మగారు వేస్తే వంద చీరల మీద వందా ఒకేలా పడతాయి. ఎక్కడ పడాలో అక్కడ పడతాయి." చుట్ట భుజాన వేసుకుని, మాట మార్చినట్టుగా కాకుండా, అదే గొంతుతో అన్నాడు. "ఆ పీపా కుళాయి నిన్న మార్చానండి. ముందే మార్చాల్సింది."

గోవర్ధనరావు పీపా వైపు చూశాడు. చల్లిన ఇసుక చూశాడు. మేస్త్రి ముఖం చూశాడు. అద్దకంలో పుట్టి పెరిగిన మనిషి, ఇంక ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. కాసేపు గడ్డం గోక్కుని, అచ్చు ఎన్నాళ్ళు పడుతుందో ఆవిడకి చెప్పు అన్నాడు. తరవాత విల్సన్ మీద కేకేశాడు, ఇంకా ఎందుకు కూర్చున్నావయ్యా, ఊళ్ళో కోళ్ళు లేవా అని.

సంజన అచ్చుకి ఒప్పుకుంది. అయినా పాదాలున్న తాను కూడా కావాలంది. మేస్త్రి దాన్ని తీగ మీంచి తీసి, చివర ఖాళీ బారెడు దగ్గర పంటితో కొరికి, రెండు చేతులా ఒక్క లాగు లాగాడు. నిండినదాన్ని ఆవిడకిచ్చాడు. ఖాళీది సుభాషిణి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని మడత పెట్టి భుజాన వేసుకుంది.

మధ్యాహ్నం కారు వెళ్ళిపోయాక పాండురంగారావు టేకు చెక్క, పెన్సిలు పట్టుకుని గూటి పక్కన ఉన్న బల్ల దగ్గరికి వచ్చాడు. కొలత తీసుకోవాలి, ముందు నడిచేదాన్ని పట్టుకోమన్నాడు. బల్ల మీది మసి చెక్కకి అంటకుండా కింద ఏదైనా వెయ్యమంటే సుభాషిణి భుజం మీది ముక్క పరిచింది. దాని మీద చెక్క పెట్టాడు. చెక్క చిన్నది, చుట్టూ బట్ట కనిపిస్తోంది. ఆమె బాతుని రెండు చేతుల్లో ఎత్తి కాలు కిందికి దింపింది. అది వేళ్ళన్నీ ముడిచి, కాలు పొట్టలోకి లాక్కుంది. ఇంకోసారి దింపింది. ఇంకోసారి లాక్కుంది.

"ఏమంటుందిది?" అన్నాడాయన.

"బట్ట ఉందండీ, అడుగున," అంది సుభాషిణి.

ఆయన చెక్క ఎత్తి, బట్ట తీసి, జాగ్రత్తగా మడిచి ఆమె భుజాన వేశాడు. ఉత్త బల్ల మీద చెక్క పెట్టాడు. పాదం దిగింది. మూడు వేళ్ళూ నిండుగా విచ్చుకున్నాయి. పాండురంగారావు మెడ వాల్చి చూశాడు. బాతు కూడా మెడ వాల్చి ఆయన్ని చూసింది. గుమ్మంలో శేషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దీనికేమైనా పేరుందా అని అడిగాడాయన, పెన్సిలు మొదటి వేలి పక్కన ఆనిస్తూ.

సుభాషిణి తల్లి వైపు చూసింది. తల్లి సాయం రాలేదు.

"చిన్నమేస్త్రి అండీ," అంది.

పెన్సిలు ఆగింది. ఆయన బాతు వంక చాలాసేపు చూశాడు. దాని పొట్ట చూశాడు, వాలిన మెడ చూశాడు. తన మెడ నిటారుగా పెట్టుకున్నాడు.

"కాస్త ఆగండీ," అన్నాడు బాతుతో. అది కదలకుండా నిలబడింది. ఆయన గీత గీశాడు.